సముద్రం రంగుల కుషన్ కవర్: దారం మచ్చలు పడుతోంది, నీలం దిగుతోంది, సలహా కావాలి

ప్రశ్న: అల్వాల్ అల్లిక

అందరికీ నమస్తే. మా బావగారికి ట్రాన్స్‌ఫర్ అయి అక్కావాళ్లు వైజాగ్ నుంచి హైదరాబాద్ వచ్చేశారు. సైనిక్‌పురిలో ఇల్లు తీసుకున్నారు. ఇల్లు బాగానే ఉంది కానీ హాలు కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ, దాని మీద ఏసీ డబ్బాలు. అక్క వైజాగ్‌లో సాయంత్రమైతే నడుచుకుంటూ బీచ్‌కి వెళ్లిన మనిషి. ఇక్కడ ట్యాంక్‌బండ్ చూపిస్తే "ఇదా?" అని మొహం పెట్టింది. అందుకని వాళ్ల సోఫాకి సముద్రం రంగుల్లో ఒక కుషన్ కవర్ క్రోషియాతో అల్లి ఇద్దామని కూర్చున్నా. కుషన్ 16 అంగుళాలది.

దారం ఇక్కడే ఒక చేనేత ఎగ్జిబిషన్‌లో కొన్నా. చేత్తో రంగేసిన కాటన్, డీకే మందం (మరీ సన్నం కాదు, మరీ లావు కాదు), ఒక్కో చిలప, అంటే దారం కట్ట, 100 గ్రాములు. ముదురు నీలం ఒకటి, టర్కాయిస్ ఒకటి, తెలుపు, లేతాకుపచ్చ, నీలం మారి మారి వచ్చే మల్టీకలర్ ఒకటి, రంగెయ్యనిది ఒకటి. చిలపగా చూస్తుంటే ఆ మల్టీకలర్ ఎంత ముద్దొచ్చిందో! తీరా సింగిల్ క్రోషే వరసలు వేసుకుంటూ పోతే నీలమంతా ఒక పక్కకి, తెలుపంతా ఇంకో పక్కకి చేరి ఆవు ఒంటి మీద మచ్చల్లా తయారైంది. అల అన్నది ఎక్కడా లేదు.

రెండోది ఇంకా టెన్షన్. రంగు దిగదని గట్టిగా చెప్పి అమ్మారు. టర్కాయిస్ దారం ముక్క ఒకటి తడిపి చూస్తే గిన్నెలో నీళ్లు నీలమైపోయాయి. పక్కనే తెల్లదారం వస్తుంది కాబట్టి భయంగా ఉంది. అమ్మేమో ఉప్పు, వెనిగర్ వేసి నానబెట్టమంటోంది.

ఇంకొకటి. అలల డిజైన్ వేస్తే కిందా పైనా అంచులు వంకర్లు వస్తాయి కదా, చదరంగా ఉండే కుషన్‌కి అది ఎలా సరిపెడతారు? ఇదివరకు టోపీలు, చంటిపిల్లల సాక్సులు తప్ప పెద్దవి అల్లలేదు. కాస్త విడమరిచి చెప్పండి ప్లీజ్.

జవాబు: బోడుప్పల్ బ్యాగులు

అమ్మ చెప్పిందే కరెక్ట్ అండీ. గుప్పెడు రాళ్లుప్పు, రెండు మూతల వెనిగర్, ఓ రాత్రి నానబెట్టండి. మా ఇంట్లో కొత్త చీరలన్నిటికీ అదే వైద్యం. మచ్చలంటారా, చేత్తో రంగేసిన దారం అందమే అది. మరీ ఇబ్బందిగా ఉంటే మీద రెండు చేపలు, ఒక స్టార్‌ఫిష్ అల్లి కుట్టెయ్యండి, కనపడవు.

జవాబు: రంగుల బకెట్, తార్నాక

పై వారికి కోపం రాకూడదు కానీ, కాటన్‌కి వెనిగర్ వైద్యం పనిచెయ్యదు. వెనిగర్ పనికొచ్చేది ఉన్నికి, పట్టుకి. అది కూడా యాసిడ్ డైలతో, వేడి మీద. కాటన్ మీద రియాక్టివ్ డై (దారంతోనే కలిసిపోయే రకం రంగు) పట్టాలంటే సోడా యాష్ కావాలి, అంటే క్షారం. వెనిగర్ దానికి సరిగ్గా వ్యతిరేకం. ఉప్పు కూడా రంగేసేటప్పుడు డైని దారం దగ్గరికి తోస్తుంది కానీ, తర్వాత వేస్తే దిగే రంగుని పట్టి ఉంచదు. చీరలకి ఉప్పు వేశాక రంగు ఆగినట్టు కనిపిస్తుందంటే, ఆ ఉతుకులో వదులుగా ఉన్న రంగు ఎలాగూ పోయిందన్నమాట.

అల్వాల్ గారూ, మీ దారం పాడైందని మాత్రం అనుకోకండి. రియాక్టివ్ డై వేసినప్పుడు రంగులో కొంత భాగం దారంతో కలవకుండా నీళ్లతోనే కలిసిపోతుంది. అది దారాన్ని అంటుకుని ఉంటుందే తప్ప పట్టి ఉండదు. అమ్మేవాళ్లు దాన్ని పూర్తిగా కడిగి ఇవ్వాలి, చాలామంది రెండు బకెట్ల నీళ్లతో సరిపెట్టేస్తారు. అందులోనూ టర్కాయిస్ మొండిఘటం. మిగతా నీలాలు మామూలు గది వేడికే పట్టేస్తాయి. ఇది రాగి ఉన్న పెద్ద అణువు, నిదానంగా, ఎక్కువ వేడి మీద గానీ పట్టదు. చలికాలంలో ఆరుబయట రంగేస్తే సగం కడుగుళ్లలోనే పోతుంది. నేను కూడా ఇంట్లో రంగులేస్తాను, నా దగ్గర అందరికంటే ఎక్కువ నీళ్లు తాగేది ఇదే.

ఇలా చెయ్యండి. ఉండ చుట్టకముందే, చిలపగా ఉన్నప్పుడే కడగాలి. నాలుగు చోట్ల తెల్లదారంతో వదులుగా ఎనిమిది అంకెలా ముడెయ్యండి, లేకపోతే చిక్కుపడి ఏడిపిస్తుంది. మొదట చల్లనీళ్లలో రెండు మూడు సార్లు జాడించండి, ఉప్పూ సోడా ఏమన్నా మిగిలుంటే పోతాయి. ఆ తర్వాత పొయ్యి మీద, మరుగుకి కాస్త ముందు దశలో ఉన్న నీళ్లలో రెండు చుక్కల లిక్విడ్ సోప్ వేసి ఓ పావుగంట ముంచి ఉంచండి. పారబోసి మళ్లీ. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇంతే. వంటకి వాడని గిన్నె తీసుకోండి. ఏ రంగుకి ఆ రంగు విడిగా.

ఇక్కడ హైదరాబాద్ సంగతి ఒకటి ఉంది. బోరు నీళ్లతో మాత్రం చెయ్యకండి. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో ఈ వదులు రంగు సరిగ్గా వదలదు, ఎంత కడిగినా వస్తూనే ఉంటుంది. నల్లా నీళ్లు వచ్చే రోజు పట్టి పెట్టుకోండి.

వేడినీళ్లతో మూడు నాలుగు కడుగుళ్లయినా రంగు ఏమాత్రం తగ్గకుండా మొదటిసారి వచ్చినంతే వస్తుంటే అది రియాక్టివ్ కాదు, ఉప్పేసి ఉడకబెట్టే పాకెట్ రంగు అనుకోవచ్చు. అప్పుడు వేడినీళ్లు ఆపేసి, డై ఫిక్సర్ ద్రవం తెచ్చి అందులో ముంచండి. ఆ రకం రంగుకి అది బాగానే పనిచేస్తుంది. ముదురు నీలం చిలపని కూడా పొడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకి అంటుకుంటే నీలిమందుతో వేసింది అయుండొచ్చు. నీలిమందు దారం మీద పొరలా కూర్చుంటుంది, అల్లుతుంటే వేళ్లకి కాస్త అంటడం దాని స్వభావం. సబ్బుతో బాగా జాడిస్తే చాలావరకు తగ్గుతుంది.

చివరి పరీక్ష: తడి దారం ముక్కని తెల్ల కాటన్ గుడ్డ మడతలో పెట్టి వేడి ఇస్త్రీ పెట్టె నొక్కండి. గుడ్డ తెల్లగానే ఉంటే ఇక ధైర్యంగా మొదలుపెట్టండి.

జవాబు: నర్సాపురం పిన్ని

రంగు గొడవ బకెట్ బాబు చూసుకున్నాడు, అల్లిక సంగతి నేను చెప్తా. ఉండేది నిజాంపేటలోనే గానీ పుట్టి పెరిగింది నర్సాపురం పక్కన. మా ఊళ్లల్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద ఆడవాళ్లందరి చేతుల్లో లేసే. మిషనరీలు నేర్పి వెళ్లిన పని, తరాలుగా అన్నం పెట్టింది, అదీ అరకొర అన్నమే. 2024లో నర్సాపురం లేసుకి జీఐ (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే) గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి సంతోషించా, అల్లినవాళ్ల కూలీ కూడా అలాగే పెరిగితే ఇంకా సంతోషిస్తా. సరే, ఆ కథ ఇంకోసారి.

అమ్మాయ్, మచ్చలు ఎందుకు పడతాయో ముందు చెప్తా. మల్టీకలర్ చిలపని బల్ల మీద పూర్తిగా పరిచి చూడు. ఒక చుట్టు తిరిగేసరికి తెలుపు, ఆకుపచ్చ, నీలం ఒకసారి వస్తాయి, మళ్లీ అదే వరస. ఇప్పుడు నీ కుషన్ వెడల్పుకి ఒక వరస అల్లడానికి పట్టే దారం ఆ చుట్టుకొలతకో, దాని రెట్టింపుకో దగ్గరగా ఉందనుకో, ప్రతి వరసలోనూ నీలం నీలం మీదే వచ్చి కూర్చుంటుంది. ఒక్క వరస విప్పి టేపుతో కొలువు, నీకే తెలుస్తుంది. దారానిదీ తప్పు కాదు, నీదీ కాదు, ఇద్దరి లెక్కా కలిసిపోయింది అంతే.

దీనికి కుట్లు పెంచడం తగ్గించడం లాంటి ఉపాయాలు చాలా చెప్తారు. నా మాట విని ఆ మల్టీకలర్‌ని ఒంటరిగా వదలకు. రెండు వరసలు అది, రెండు వరసలు ఏదో ఒక సాదా రంగు, అలా మార్చుకుంటూ పో. రెండు వరసల్లో మచ్చ కట్టడానికి చోటే ఉండదు. ఆ తెలుపూ ఆకుపచ్చా నీలం మధ్యలో నురుగులా మెరిసి మాయమవుతాయి. ఇలాంటి దారానికి సాదా కుట్టే అందం. ఉబ్బెత్తుగా వచ్చే బాబుల్ స్టిచ్చులు, శంఖాల స్టిచ్చులు వేస్తే రంగూ కనపడదు, పనితనమూ కనపడదు.

అలలకి నువ్వు చూసినట్టున్నది జిగ్‌జాగ్ రకం, దానికి అంచులు వంకరే. నీకు కావలసింది పొట్టి కుట్టు, పొడుగు కుట్టు పక్కపక్కన వేసి అల తెప్పించే రకం. సింగిల్ అన్నిటికంటే పొట్టి, ఆ తర్వాత హాఫ్ డబుల్, డబుల్, అన్నిటికంటే పొడుగు ట్రెబుల్. నేను చెప్పే పేర్లు అమెరికా లెక్క. బ్రిటిష్ లెక్కలో డబుల్ అంటే మనకి సింగిల్, వీడియో చూసేటప్పుడు ముందు అది గమనించుకో.

14 కుట్లకి ఒక అల, చివర ఒకటి అదనం. 3.5 ఎంఎం హుక్‌తో 4 అంగుళాలకి 18 కుట్లు పడితే 71 కుట్లకి 15¾ అంగుళాలు వస్తుంది, 16 కుషన్‌కి బిగుతుగా సరిపోతుంది. కవర్ కాస్త చిన్నదే ఉండాలి, కాటన్ వాడేకొద్దీ సాగుతుంది. చైన్ 72 వేసి, హుక్ నుంచి రెండో చైన్‌లో మొదలుపెట్టు. ముందు 2 సింగిల్. ఆ తర్వాత 2 హాఫ్ డబుల్, 2 డబుల్, 3 ట్రెబుల్, 2 డబుల్, 2 హాఫ్ డబుల్, 3 సింగిల్. ఇదే మళ్లీ మళ్లీ. ఆఖరి అల దగ్గర మాత్రం 3 సింగిల్ బదులు రెండే మిగులుతాయి. మొత్తం ఐదు అలలు. దీన్ని నేను గుట్ట వరస అంటా.

రంగు మార్చగానే తిరగేసి అల్లాలి. కింద సింగిల్ ఉన్నచోట ట్రెబుల్, హాఫ్ డబుల్ ఉన్నచోట డబుల్, డబుల్ ఉన్నచోట హాఫ్ డబుల్, ట్రెబుల్ ఉన్నచోట సింగిల్. ఇది గుంట వరస. గుంట ఒక వరస వేస్తే కిందున్న అల పూడి అంచు చదునైపోతుంది, రెండో వరస కూడా గుంటే వేస్తే అల ఎదురు దిక్కుకి లేస్తుంది. తర్వాత రంగుతో రెండు గుట్ట వరసలు. ఆ తర్వాత రంగుతో రెండు గుంట వరసలు. గుర్తుంచుకోవలసింది ఒకటే, అన్నిటికంటే మొదటి రంగు ఒక్క వరసే, చివరి రంగు కూడా ఒక్క వరసే. అప్పుడు కింద చైన్ దగ్గరా తిన్నగా ఉంటుంది, పైన కూడా తిన్నగా ముగుస్తుంది. రంగు మారడం ఎప్పుడూ ఒకే పక్క వస్తుంది కాబట్టి దారం తెంపకుండా పక్కనుంచి పైకి లాక్కోవచ్చు, కొసలు దాచే పని తగ్గుతుంది.

వరస తిరిగేటప్పుడు సింగిల్‌తో మొదలైతే 1 చైన్, ట్రెబుల్‌తో మొదలైతే 4 చైన్, ఆ 4 చైన్ మొదటి ట్రెబుల్‌గా లెక్క. వరస చివర దాని నెత్తిన కుట్టు వెయ్యడం మర్చిపోతే కుషన్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. రెండేసి వరసలకోసారి 71 లెక్కపెట్టుకో.

అల్వాల్ అల్లిక

పిన్నిగారూ, కాళ్లకి దండం! గుట్ట, గుంట అనేసరికి బుర్రకెక్కింది. బకెట్ గారూ, నిన్న నల్లా నీళ్లు పట్టి కడిగాను. టర్కాయిస్ నీళ్లు తేటబడ్డాయి, ఇస్త్రీ పరీక్ష కూడా పాసైంది. ముదురు నీలం మాత్రం వేళ్లకి కొద్దిగా అంటుతోంది, అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే నీలిమందే అన్నారు.

ఇంకో సందేహం. ఆన్‌లైన్‌లో చూసిన సముద్రం కుషన్లన్నీ కింద ముదురు నీలం, పైకి పోయేకొద్దీ లేత. నేనూ అలాగే వెయ్యనా? దారం సరిపోతుందా? వెనక వైపు కూడా అల్లాలా?

నర్సాపురం పిన్ని

కింద ముదురు అనేది చేపకి కనపడే సముద్రం. మీ అక్క చూసింది ఒడ్డున నిలబడి. ఆర్కే బీచ్‌లో నిలబడితే కాళ్ల దగ్గర తడి ఇసుక, ఆ ముందు నురుగు, విరిగే అల కడుపులో గాజు ఆకుపచ్చ, దాని వెనక టర్కాయిస్, అన్నిటికంటే పైన ఆకాశానికి ఆనుకుని ముదురు నీలం గీత. కాబట్టి నీలం పైన పెట్టు. మా పేరుపాలెం తీరమైతే నీకు నీలం చిలప కొనే పనే లేదు, వరదల రోజుల్లో గోదారి తెచ్చి పోసిన మట్టితో సముద్రమంతా టీ రంగు. ఎవరి సముద్రం వాళ్లది.

అదే టీ నీకు ఇసుకకి పనికొస్తుంది. రంగెయ్యని చిలపలోంచి కొంత దారం విడదీసి, పాలూ చక్కెరా లేని చిక్కటి డికాక్షన్‌లో వేడిగా ఉండగా ముంచి వదిలెయ్, తడి ఇసుక రంగు వస్తుంది. కింద ఇసుక, దాని మీద మల్టీకలర్, టర్కాయిస్, మళ్లీ మల్టీకలర్, ఇలా పోయి చివరి నాలుగు అంగుళాలూ ముదురు నీలమే. ఒకే రంగుతో వెడల్పుగా రావాలన్నా గుట్టలు రెండు, గుంటలు రెండు వేసుకుంటూ పోవడమే, రంగు మార్చవు అంతే. నురుగు కోసం తెల్లదాన్ని వరసగా అల్లకు. అంతా అయ్యాక, ఇసుకా నీళ్లూ కలిసే అల అంచు వెంబడి పైనుంచి స్లిప్ స్టిచ్ (గొలుసులా కనిపించే కుట్టు) ఒక్క గీత వేస్తే చాలు. నీలిమందు దారానికి తెలుపు దూరంగా కూడా ఉంటుంది, నీకు ఆ టెన్షన్ తప్పుతుంది.

దారానికి ఢోకా లేదు, ముందు భాగానికి అన్నీ కలిపి 150 గ్రాముల లోపే పడుతుంది. వెనక అల్లొద్దు. రెండు పక్కలా అల్లితే బరువు, మన ఎండాకాలంలో వీపుకి వేడి, పైగా నీలిమందు తెల్ల చొక్కాలకి అంటిందని మీ బావ గొడవ. వెనక మంగళగిరి కాటన్ నీలం గుడ్డ పెట్టు. ముందు అల్లిక కింద కూడా అదే గుడ్డతో అస్తరు వెయ్యాలి, లేకపోతే పొడుగు కుట్ల సందుల్లోంచి లోపలి దిండు తెల్లగా తొంగిచూస్తుంది.

బోడుప్పల్ బ్యాగులు

ఇంత శాస్త్రం ఉందా! సరే వెనిగర్ వెనక్కి తీసుకుంటున్నా. చేపల సంగతి మాత్రం ఒప్పుకోను, పిల్లలున్న ఇంట్లో చేపలుంటేనే సరదా. హుక్ కావాలంటే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో లేసులు, ఊలు అమ్మే సందుల్లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే చేతికి ఎలా ఉందో తెలీదు.

నర్సాపురం పిన్ని

చేపలు గోడకి తగిలించే వాటికి పెట్టుకోమ్మా, నేనేం కాదనను. సోఫా దిండు మీద మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేస్తే బుగ్గ మీద స్టార్‌ఫిష్ అచ్చు దిగుతుంది.

రంగుల బకెట్, తార్నాక

ఉతకడం గురించి ఒక్క మాట చేర్చండి. చల్లనీళ్లు, మామూలు షాంపూ, విడిగా. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకి సాగుతుంది. మన టెర్రస్ ఎండ నీలాల్ని తొందరగా వెలవెలబోయేలా చేస్తుంది, అక్కావాళ్ల కిటికీకి ఎదురు గోడ ఉండటం ఈ లెక్కన మంచిదే.

అల్వాల్ అల్లిక

హహ, ఈ మాట అక్కకి చెప్తా, గోడ మీద కోపం తగ్గుతుందేమో. ఇసుక వరస, మల్టీకలర్ రెండు వరసలు అయ్యాయి, మచ్చ అన్నదే లేదు. ఆఖరి ప్రశ్న: వెనక బటన్లా, జిప్పా?

నర్సాపురం పిన్ని

జిప్పే. బటన్లయితే మధ్యలో గుడ్డ నోరు తెరుస్తుంది. 14 అంగుళాల జిప్ తీసుకుని గుడ్డ భాగానికి, కింది అంచుకి రెండు అంగుళాలు పైన టైలర్‌తో వేయించు. గుడ్డ కోసేముందు ఓసారి తడిపి ఆరేసి ఇస్త్రీ చెయ్, కొత్త కాటన్ మొదటి ఉతుక్కి కుంచించుకుపోతుంది. అల్లిక ముక్కని మిషన్ మీద పెట్టనివ్వకు, పాదం కింద కుట్లు లాగేస్తాయి. గుడ్డ కవర్ మొత్తం టైలర్ కుట్టి ఇచ్చాక, దాని ముందు వైపు మీద అల్లిక పరిచి చుట్టూ చేత్తోనే కుట్టుకో.